ఎడారిలో పిల్లలకు ఏమి చూపిస్తారు?

క్రైస్తవ గృహము



గల్ఫుకు వెళ్ళిన బిడ్డలున్న ఇళ్ళు మన సంఘాలలో చాలా ఉన్నాయి. కొందరు ఒంటరిగా వెళ్తారు. కొందరికి భార్యాపిల్లలను తీసుకువెళ్ళే వీలు కలుగుతుంది. అలా పరాయిదేశంలో చిన్నపిల్లలతో ఉంటున్నవారు సెలవురోజును ఎలా గడపాలి, పిల్లలను బయటకు తీసుకువెళ్ళేటప్పుడు ఏమి గుర్తుంచుకోవాలి అన్నది ఈ నెల మన అంశం. మాకు జరిగిన ఒక సంగతి కూడా దాచకుండా చెబుతాను. అది మా పొరపాటే గనుక ఇంకొకరు ఆ పొరపాటు చేయకూడదని నా కోరిక.

మేము 2014లో ఒమాను దేశంలోని మస్కటు పట్టణానికి బయలుదేరినప్పుడు మా మామగారు అడిగారు, "అమ్మాయ్, అక్కడంతా ఇసుకేనంట కదా! చెట్టూ చేమా లేనిచోట పిల్లలకి ఏం చూపిస్తారు?" అని. ఆయన కోనసీమ రైతు. కొబ్బరిచెట్టు కనబడని చోట మనుషులు ఎలా బ్రతుకుతారో ఆయనకు అర్థం కాలేదు. నిజం చెప్పాలంటే నాకూ అర్థం కాలేదు.

మొదటి ఏడాది మేము ఏమీ చూపించలేదు. మా వారు ఉదయం ఆరింటికి కంపెనీ బస్సెక్కితే రాత్రి ఏడు దాటాకే వచ్చేవారు. శుక్రవారం ఒక్కటే సెలవు. ఆ దేశంలో శుక్రవారమే ఆరాధన దినం గనుక మన తెలుగు సహవాసం కూడా శుక్రవారం సాయంత్రం కూడుకునేది. మధ్యాహ్నం దాకా ఆయన నిద్రపోయేవారు. నేను మూడో అంతస్తులో రెండు గదుల ఇంట్లో ఆరేళ్ళ బాబును, మూడేళ్ళ పాపను "నాన్న లేస్తారు, అల్లరి చేయకండి" అని కసురుకుంటూ ఉండేదాన్ని. ఒక శుక్రవారం బాబు నన్ను అడిగాడు, "అమ్మా, నాన్న మనింటికి వచ్చే చుట్టమా?" అని. వాడు ఎగతాళికి అడగలేదు. చుట్టాలు వస్తారు, పడుకుంటారు, భోంచేస్తారు, వెళ్ళిపోతారు. వాడు చూసింది అదే. మా వారు పక్కగదిలో మెలకువగానే ఉండి ఆ మాట విన్నారు. ఆ రాత్రి కుటుంబ ప్రార్థనలో ఆయన గొంతు పెగలలేదు.

అప్పుడు ఒక తీర్మానం చేసుకున్నాము. నెలలో రెండు శుక్రవారాలు తెల్లవారుజామునే లేచి పిల్లలను ఎక్కడికైనా తీసుకువెళ్ళాలి, సాయంకాల ఆరాధనకు తిరిగి రావాలి.

మొదట వెళ్ళింది మత్రా సముద్రపు ఒడ్డుకు. పైసా ఖర్చులేని చోటు. ఒకవైపు నల్లటి రాతికొండలు, వాటి మీద పోర్చుగీసువారి కాలపు కోట, మరొకవైపు ఓడలు. చేపల బజారులో బల్లల మీద వంజరాలు, ట్యూనాలు. అవి చూసేసరికి పాప "అమ్మమ్మగారి ఊరు!" అని కేక వేసింది. దానికి చేపల వాసన అంటే అమ్మమ్మగారి ఊరే. ఆ వెనుక ఉన్న పాత బజారు సందులో అడుగుపెడితే గాలంతా ధూపమే. ఒమానులో దాన్ని లుబాన్ అంటారు. హెబ్రీ భాషలో లెబోనా. మత్తయి సువార్త రెండవ అధ్యాయంలో జ్ఞానులు బాలయేసుకు తెచ్చిన మూడు కానుకలలో సాంబ్రాణి అని మన బైబిలులో ఉన్నది ఇదే. మన ఊళ్ళలో బాలింతలకు పొగవేసే సాంబ్రాణి వేరే చెట్టుది. ఈ చెట్లు మస్కటుకు సుమారు వెయ్యి కిలోమీటర్ల దూరాన దక్షిణాన దోఫారు ప్రాంతంలో ఉన్నాయి. చెట్టు బెరడును కత్తితో చెక్కితే పాలు కారి, గట్టిపడి, ముత్యాల్లా అవుతాయి. వాటిని గీకి ఏరుతారు. ఆ చెట్ల భూమిని, పాత రేవులను 2000 సంవత్సరంలో యునెస్కోవారు ప్రపంచ వారసత్వ స్థలాల జాబితాలో చేర్చారు. దుకాణదారుడు బాబు అరచేతిలో రెండు పలుకులు పెట్టాడు. ఆ ఏడు క్రిస్మసు నాటకంలో జ్ఞాని వేషం వేసినవాడు మా బాబే. కాగితం డబ్బాకు బదులు నిజమైన లుబాన్ పట్టుకుని నిలబడ్డాడు.

అదే మస్కటులో క్రీస్తు సేవకుల జ్ఞాపకాలు కూడా ఉన్నాయి. లాహోరుకు మొదటి బిషపుగా పనిచేసిన థామస్ వాల్పీ ఫ్రెంచిగారు వృద్ధాప్యంలో సువార్త నిమిత్తం 1891లో అక్కడికి వచ్చి, కొద్దినెలలకే మే 14న మరణించారు. ఆయన సమాధి అక్కడే ఉంది. తరువాత 1893లో అమెరికా మిషనరీ పీటర్ జ్వేమర్ వచ్చి, బానిసత్వం నుండి విడిపించబడిన పిల్లలకు బడి పెట్టారు. మత్రాలోని మిషను ఆసుపత్రిలో డాక్టరు వెల్స్ థామ్స్‌గారు 1939 నుండి 1970 వరకు సేవచేశారు. మేము ఆరాధించిన రువీ చర్చి ఉన్న స్థలం సుల్తాన్ ఖాబూసుగారు ఇచ్చినది. ఒక ముస్లిం రాజు ఇచ్చిన నేల మీద మనం తెలుగులో పాడుకుంటున్నామని పిల్లలకు చెప్పినప్పుడు వారు ఆ గోడలను కొత్తగా చూశారు.

యెహోషువ గ్రంథం నాలుగవ అధ్యాయంలో యొర్దాను నుండి తెచ్చి నిలిపిన పన్నెండు రాళ్ళ సంగతి మీరెరుగుదురు. రేపు పిల్లలు ఇవేమిటని అడుగుతారు గనుక తండ్రులు చెప్పడానికి సిద్ధంగా ఉండాలని అక్కడ ఉద్దేశం. పిల్లలు రాళ్ళను చూస్తే తప్పక అడుగుతారు. చెప్పడానికి మన దగ్గర ఏమైనా ఉందా అన్నదే ప్రశ్న. అందుచేత ఎక్కడికి వెళ్ళినా ముందురోజు రాత్రి ఆ స్థలం గురించి చదువుకుని వెళ్ళడం మాకు అలవాటైంది.

ఇక నేను చెప్తానన్న సంగతి. 2016 మార్చి నెలాఖరున ఒక శుక్రవారం నిజ్వా వెళ్ళాము. మస్కటుకు సుమారు 160 కిలోమీటర్లు. అక్కడ శుక్రవారం ఉదయం మేకల సంత జరుగుతుంది. కొనేవారు గుండ్రంగా కూర్చుంటే అమ్మేవారు మేకలను పట్టుకుని వారి మధ్య చుట్టూ తిరుగుతూ ధర కేకవేస్తారు. కొనేవాడు మేకను ఆపి పళ్ళు చూస్తాడు, వీపు తడుముతాడు. బాబు నా చేయి లాగి, "తాతయ్య ఉంటే ఏది మంచి మేకో చెప్పేవారు కదమ్మా" అన్నాడు.

తరువాత కోట. పదిహేడవ శతాబ్దంలో ఇమాం సుల్తాన్ బిన్ సైఫ్ కాలంలో కట్టిన పెద్ద గుండ్రటి బురుజు. దాన్ని కట్టడానికి పన్నెండేళ్ళు పట్టిందంటారు. లోపల ఖర్జూరపు బస్తాలు పేర్చే గది ఒకటుంది. నేలమీద సన్నటి కాలువల్లాంటి గాళ్ళు ఉంటాయి. పైబస్తాల బరువుకు క్రిందిబస్తాల నుండి కారిన పానకం ఆ గాళ్ళలో పారి కుండలోకి చేరుతుంది. తినడానికే కాదు, తలుపు దగ్గరకు వచ్చిన శత్రువుల నెత్తిన మరిగే పానకం పోయడానికి కూడా వాడేవారట. మన బెల్లపు పానకం కాగే వేడి ఎరిగినవారికి ఆ బాధ ఎంతో చెప్పనక్కరలేదు.

మధ్యాహ్నం దగ్గరలోని బిర్కత్ అల్ మౌజ్ అనే ఊరికి వెళ్ళాము. ఆ పేరులో మౌజ్ అంటే అరటి. కొండ క్రింద అరటితోటలు, ఖర్జూరపుతోటలు, మధ్యలో గలగలమని పారే సన్నటి కాలువ. దాన్ని ఫలజ్ అంటారు. కొండల అడుగున దొరికే నీటిని నేల వాలు చూసుకుని, ఏ మోటారూ లేకుండా ఊరికి పారించే కాలువలివి. ఒమానులో ఇలాంటివి మూడువేలకు పైగా నేటికీ పారుతున్నాయి. వాటిలో ఐదింటిని 2006లో యునెస్కో గుర్తించింది. ఈ ఊరి కాలువ ఆ ఐదింటిలో ఒకటి. నీళ్ళు మొదట త్రాగడానికి, ఆ తరువాతే తోటలకు. ఒక్కొక్క రైతుకు ఇంతసేపని వంతు. పూర్వం పగలు నీడను బట్టి, రాత్రి నక్షత్రాలను బట్టి వంతు లెక్కవేసేవారట. చివరి తోటకు నీరు అందకపోతే ఏమవుతుందో మన కాలువ చివరి ఆయకట్టు రైతులకు తెలుసు. మా పాప ఆ నీళ్ళలో కాళ్ళు పెట్టి ఇక రానంటే రానంది.

అందువల్ల ఆలస్యమైంది. ఆ సాయంత్రం ఆరాధనలో వాక్యపఠనం మా వారి వంతు. ఆయన గడియారం చూసుకుని కంగారుపడ్డారు. ఇంతలో కొండల మీద ఉరిమింది. మా మీద నాలుగు చినుకులే పడ్డాయి. పెద్దరోడ్డు త్వరగా చేరవచ్చని ఆయన ఒక అడ్డదారి పట్టారు. కొంతదూరం వెళ్ళేసరికి రోడ్డు ఒక వాదీలోకి దిగింది. వాదీ అంటే మన వాగులాంటిదే. ఏడాదిలో ఎక్కువకాలం ఎండిపోయి ఉంటుంది. అప్పుడు రోడ్డుమీద చీలమండలోతు నీరు పారుతోంది.

"ఏమండీ, ఆగుదాం" అన్నాను.

"ఇంతోటి నీళ్ళకేం భయం? గోదారి లంకల్లో పెరిగాం. ప్రార్థన చేసుకుని దాటేద్దాం. దేవుని పనిమీదే కదా వెళ్తున్నాం" అన్నారు. కళ్ళు మూసుకుని ప్రార్థన కూడా చేశాము. వెనుక సీటులో పాప నిద్రపోతోంది. ఆయన గేరు వేశారు.

అవతల నుండి కాదు, మా వెనుక నుండి ఒక వ్యాను వచ్చి హారను మోగిస్తూ మా ముందుకు అడ్డంగా తిరిగి ఆగింది. తెల్లగడ్డం ముసలాయన దిగి రెండు చేతులూ ఎత్తి నిలబడ్డాడు. మన హిందీలాంటి భాషలో, "నీళ్ళు వస్తున్నాయి, వెనక్కి వెళ్ళండి, పిల్లలున్నారు" అన్నాడు. మా వారికి కోపం వచ్చింది. ఆరాధనకు పోవాలని ఆయనకు వివరించబోయారు. ముసలాయన వాదించలేదు, కదలనూ లేదు. చేసేది లేక కారు వెనక్కి తీసి గట్టుమీద ఆపాము.

పది నిమిషాలు కాకముందే ఆ నీరు వచ్చింది. ముందు శబ్దం, తరువాత మట్టిరంగు నీరు, అందులో ఒక ఖర్జూరపు మొద్దు గిరగిర తిరుగుతూ పోయింది. రోడ్డు పక్కన లోతు చూపించే గుర్తు స్తంభాలు సగానికి మునిగిపోయాయి. మేము ఉండవలసిన చోట నుండే ఆ మొద్దు పోయింది. మా వారు స్టీరింగు మీద తల ఆనించుకుని చాలాసేపు అలాగే ఉండిపోయారు.

ముసలాయన వ్యానులో నుండి చాప తెచ్చి పరిచాడు. ఖర్జూరాలు పెట్టాడు. ఫ్లాస్కులో నుండి ఏలకుల వాసన వచ్చే కహ్వా చిన్నచిన్న గిన్నెల్లో పోశాడు. చాలు అనాలంటే గిన్నెను అటూ ఇటూ ఆడించి ఇవ్వాలట. అలా చేయకపోతే పోస్తూనే ఉంటారు. ఆ సంగతి తెలిశాక బాబు గిన్నె ఆడించడం కోసమే త్రాగాడు. నీరు తగ్గేసరికి మూడు గంటలైంది. ఆయన పేరు కూడా అడగడం మరచిపోయాము. రాత్రి పదింటికి ఇల్లు చేరాము.

ఆ రాత్రి మా వారు మత్తయి సువార్త నాల్గవ అధ్యాయం తీశారు. దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, దూకు, దేవదూతలు పట్టుకుంటారులే అని సాతాను అన్నప్పుడు ప్రభువు దూకలేదు. దేవుని శోధించకూడదన్నాడు. "నేను దూకబోయాను. పైగా నా పిల్లలను వెంటబెట్టుకుని దూకబోయాను. దానికి ప్రార్థన అని పేరు పెట్టాను" అన్నారు ఆయన. ప్రార్థన చేసుకున్నాము గనుక ప్రమాదం రాదని మనం ఎన్నోసార్లు అనుకుంటాము. ఆ సాయంత్రం మా ప్రార్థనకు దేవుడు ఇచ్చిన జవాబు ఆ ముసలాయన. మేము ఆ జవాబు మీద కోపపడ్డాము.

మరుసటి వారం పాస్టరుగారి దగ్గర ఆయన క్షమాపణ అడిగితే, "వాక్యం ఇంకొకరు చదివారు బాబూ. మీ పిల్లలను ఇంకొకరు తెచ్చి ఇవ్వలేరు కదా" అన్నారు. 2024 ఏప్రిల్‌లో ఒమానులో వచ్చిన వరదలకు బడిపిల్లలు కొందరు వాహనంతో సహా కొట్టుకుపోయి మరణించారన్న వార్త విన్నప్పుడు మాకు ఆ వాదీయే గుర్తుకు వచ్చింది. ఆ తల్లుల కొరకు ప్రార్థించాము.

ఇంకొక మాట. మేము తిరిగివచ్చిన కబుర్లు బాబు సహవాసంలో అందరికీ చెబుతుంటే ఒక సహోదరి దగ్గరకు పిలిచి మళ్ళీ మళ్ళీ చెప్పించుకునేది. రాజోలు ప్రాంతపు మనిషి. ఒక ఇంట్లో పనిచేసేది. నెలకొక శుక్రవారం సెలవు దొరికితే అదే ఆరాధనకు వచ్చేది. "తొమ్మిదేళ్ళయ్యింది అక్కా, నేను చూసింది వాళ్ళ వంటిల్లు, ఈ చర్చి, రెంటి మధ్య రోడ్డు" అంది ఒకరోజు. మేము సిగ్గుపడ్డాము. మరుసటి నెల ఆమె సెలవురోజున మాతో మత్రాకు తీసుకువెళ్ళాము. పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్ళాను. సముద్రపు ఒడ్డున నిలబడి ఫోటో తీయించుకుని ఊళ్ళో ఉన్న కూతురికి పంపింది. సాయంత్రానికి ఆ పిల్ల గొంతుతో జవాబు వచ్చింది, "అమ్మా, నీ వెనకాల ఉన్న ఓడ ఎక్కితే మనూరు వస్తుందా?" అని. ఆ రోజు ఎవ్వరమూ ఎక్కువ మాట్లాడలేదు. మీరు కుటుంబంతో పరదేశంలో ఉంటే, కారులో ఒక్క సీటైనా ఖాళీ ఉంటే, అది ఎవరిదో ఆలోచించండి.

చిన్నపిల్లలతో వెళ్ళేవారికి మా అనుభవంలో పనికివచ్చిన కొన్ని సంగతులు:

1. రోజుకు ఒక్క చోటు చాలు. రెండో చోటుకు ఆశపడినప్పుడే పరుగు మొదలవుతుంది. మా అడ్డదారికి కారణం అదే.

2. గల్ఫు దేశాల్లో మే నుండి సెప్టెంబరు వరకు పగటిపూట పిల్లలను ఎండలో తిప్పకండి. తెల్లవారుజాము, సాయంత్రం మేలు. ఆగి ఉన్న కారులో పిల్లలను ఒక్క నిమిషం కూడా వదలవద్దు.

3. వాగులో నీరు పారుతుంటే ఎంత తక్కువగా కనబడినా దిగవద్దు. మన మీద వాన లేకపోయినా కొండల మీద కురిసిన నీరు దిగివస్తుంది. మన ఊరి వాగులకూ ఇదే మాట.

4. పిల్లల జేబులో తండ్రి ఫోను నంబరు వ్రాసిన చీటీ ఉంచండి. లూకా సువార్త రెండవ అధ్యాయంలో యోసేపు మరియలు కూడా పిల్లవాడు గుంపులో ఉన్నాడులే అనుకుని ఒకరోజు ప్రయాణం సాగిపోయారు. ఒకరి మీద ఒకరు అనుకోవడం వల్లనే పిల్లలు తప్పిపోతారు. ఈ గంట ఎవరు చూడాలో ముందే అనుకోండి.

5. పిల్లల వయస్సుకు తగిన చోటే ఎంచుకోండి. రాస్ అల్ జింజ్ అనే తీరంలో రాత్రిపూట పెద్ద సముద్రపు తాబేళ్ళు వచ్చి ఒక్కొక్కటి సుమారు వంద గుడ్లు పెడతాయి. చూడదగినదే. అయితే దీపం వెలిగించకూడదు, మాట్లాడకూడదు. మా పాప చీకటికి జడిసి ఏడ్చింది. మా వారు దాన్ని ఎత్తుకుని బయటే కూర్చున్నారు. రెండేళ్ళు ఆగి వెళ్ళవలసింది.

6. ఇంటి నుండి అన్నం కట్టుకెళ్ళండి. ఖర్చు తగ్గుతుంది, కడుపు చెడదు. తిన్నచోట చెత్త వదలవద్దు. అక్కడ మనల్ని చూసే మన దేశాన్నీ మన విశ్వాసాన్నీ లెక్కగడతారు.

మేము 2019లో స్వగ్రామం వచ్చేశాము. వచ్చిన కొత్తలో మా మామగారు వరండాలో మనుమణ్ణి కూర్చోబెట్టుకుని ఎడారిలో ఏం చూశావురా అని అడిగితే, వాడు ఆ ఫలజ్ సంగతి ఎత్తుకున్నాడు. కొండలోని నీరు, వంతులు, నక్షత్రాలు, అన్నీ చెప్పి, "మన కాలువలో నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయి తాతయ్యా, ఎవరు త్రవ్వారు?" అని అడిగాడు. ఆయన కాటన్ దొరగారు అన్నారు. "నువ్వు చూశావా ఆ చోటు?" అన్నాడు వీడు. డెబ్బై ఏళ్ళ రైతు తల అడ్డంగా ఊపారు. ధవళేశ్వరం మా ఊరికి రెండు గంటల ప్రయాణం లోపే. ఆ నీళ్ళతో పండిన అన్నమే జీవితమంతా తిన్నాము. మాలో ఎవరమూ దాన్ని చూద్దామని వెళ్ళలేదు.

ఆ శనివారమే అందరం బస్సెక్కి వెళ్ళాము. సర్ ఆర్థర్ కాటన్‌గారు 1847లో మొదలుపెట్టి 1852లో ముగించిన ఆనకట్ట అది. దాని స్థానంలో ఇప్పుడున్న బ్యారేజి 1982 నాటికి పూర్తయింది. అక్కడి మ్యూజియంలో మా మామగారు ప్రతి బల్ల దగ్గరా ఆగి మనుమడిచేత చదివించుకున్నారు. బయటకు వచ్చి గోదావరి వైపు చూస్తూ చాలాసేపు నిలబడి, "మన చేలోకి వచ్చే నీళ్ళు ఇక్కడ వంతు పుచ్చుకుంటాయన్నమాట" అన్నారు.

ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయంలో దేవుని మాటలను పిల్లలకు నేర్పమన్నప్పుడు, ఇంట కూర్చున్నప్పుడు మాత్రమే కాదు, త్రోవను నడిచేటప్పుడు కూడా నేర్పమని ఉంది. ఆ త్రోవ మస్కటులోనే ఉండనవసరం లేదు. విమానం ఎక్కే స్తోమత లేదని ఏ తల్లీ తండ్రీ దిగులుపడనక్కరలేదు. మీ ఊరి చెరువుగట్టు ఉంది, పొరుగూరి పాత మిషను బంగళా ఉంది, దాని వెనుక సమాధుల తోటలో మీ పిల్లలు ఇంతవరకు చదవని పేర్లున్నాయి.

ఈ నెల కుటుంబ ప్రార్థనకు: వాక్యభాగము యెహోషువ 4:1-7. మీ ఇంటికి గంటలోపు దూరంలో ఉండి మీ పిల్లలు ఎన్నడూ చూడని చోటు ఏదో మాట్లాడుకోండి, ఒక రోజు నిర్ణయించుకోండి. పరదేశాల్లో పిల్లలకు దూరంగా ఉన్న తల్లిదండ్రులను పేరుపేరున జ్ఞాపకం చేసుకుని ప్రార్థించండి. దేవుడు మన రాకపోకలను కాపాడును గాక. ఆమేన్.